వింటే బాగుపడేవాడు: ఒక స్పానిష్ క్రియారూపం, ఒక తెలుగు వాక్యం

బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళాలంటే పెద్ద లైను మీద తెనాలి దాకా వచ్చి, అక్కడ దిగి, రేపల్లె బండి ఎక్కాలి. ఆ దారిన తిరిగిన మనిషి ఎవరైనా సులభంగా అనగల వాక్యం ఇది: "తెనాలిలో దిగితే రేపల్లె బండి ఎక్కేవాళ్ళం."

ఈ వాక్యాన్ని మరొక్కసారి చదవండి. ఆయన ఏం చెప్పాడు? ఆ రోజుల్లో తెనాలిలో దిగినప్పుడల్లా రేపల్లె బండి ఎక్కడం మాకు అలవాటు అన్నాడా? లేక, నిద్రపట్టి తెనాలి దాటిపోయాం, దిగి ఉంటే ఆ బండి అందేది అన్నాడా? మొదటిది జ్ఞాపకం. రెండోది విచారం. వాక్యం మాత్రం ఒక్కటే. విడిగా కాగితం మీద చూస్తే ఏ పండితుడూ తేల్చి చెప్పలేడు. ముందు వెనకల మాటలు, గొంతు, చేతి కదలిక తేల్చాలి.

సాహిత్య విమర్శ పాఠంలో స్పానిష్ వ్యాకరణం ఎందుకని మీకు అనుమానం రావచ్చు. కారణం ఈ వాక్యమే. తెలుగు ఒకే రూపంతో చెప్పే ఈ రెండు సంగతుల్ని స్పానిష్ రెండు వేరు రూపాలతో చెబుతుంది. అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అనువాదకుడికి తప్పనిది విమర్శకుడికీ తప్పదని, మనం చాలాసార్లు తప్పించుకుంటున్నామని ఈ పాఠంలో నా వాదన.

రూపం ఎలా ఏర్పడుతుంది

స్పానిష్‌లో ఈ రూపాన్ని ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ అంటారు. పేరు చూసి భయపడనక్కర లేదు. జరిగిందని చెప్పకుండా, జరిగితే, జరగాలని, జరిగినట్టు అని ఊహలో నిలబెట్టి చెప్పే క్రియారూపాలు సబ్జంక్టివ్‌లు. వాటిలో భూతకాలపు వేషం వేసుకున్నది ఇది. వేషం అంటున్నాను, ఎందుకంటే అది చెప్పే కాలం తరచుగా భూతకాలం కాదు.

నియమం తప్పని క్రియలతో దీన్ని తయారుచేయడం ఎంతో సులభం. సాధారణ భూతకాలంలో 'వాళ్ళు' రూపం తీసుకోండి. అబ్లార్ అంటే మాట్లాడటం. అబ్లారొన్ అంటే మాట్లాడారు. చివరి 'రొన్' తీసేసి 'ర' చేర్చండి: అబ్లార. కొమేర్ అంటే తినడం, కొమియేరొన్, కొమియేర. బిబీర్ అంటే జీవించడం, బిబియేరొన్, బిబియేర. నేను, అతను అనే ఇద్దరికీ ఇదే రూపం. నువ్వు అయితే అబ్లారస్, మనం అయితే అబ్లారమొస్, మీరు అయితే అబ్లారైస్, వాళ్ళు అయితే అబ్లారన్. మూడు రకాల క్రియలకూ అంత్యాలు ఇవే. 'ర' బదులు 'సె' పెట్టి అబ్లాసె అన్నా చెల్లుతుంది. పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. మాటల్లో 'ర'దే ఎక్కువ వాడుక.

ఇక్కడొక హెచ్చరిక. అక్షరం మీద ఊనికను తెలుగు లిపి చూపలేదు కనుక, ఊనిక పడే చోట దీర్ఘం రాస్తున్నాను. అబ్లార అంటే 'మాట్లాడితే' అన్న ఊహ. అబ్లరా అంటే 'మాట్లాడతాడు' అని ఖాయంగా చెప్పే భవిష్యత్తు. ఊనిక ఒక అక్షరం జరిగితే ఊహ కాస్తా హామీ అయిపోతుంది.

ఇప్పుడు మన రైలు వాక్యానికి వద్దాం. బహార్ అంటే దిగడం, తొమార్ అంటే తీసుకోవడం, బండి విషయంలో ఎక్కడం. అలవాటు చెప్పాలంటే "సి బహాబమొస్ ఎన్ తెనాలి, తొమాబమొస్ ఎల్ త్రెన్". 'సి' అంటే 'అయితే'లోని షరతు. రెండు క్రియలూ మామూలు గతంలో ఉన్నాయి. జరగని దాన్ని ఊహించి చెప్పాలంటే "సి బహారమొస్ ఎన్ తెనాలి, తొమరీయమొస్ ఎల్ త్రెన్". మొదటి క్రియ మన సబ్జంక్టివ్. రెండోది 'అలా అయ్యేది' అని చెప్పే కండిషనల్. బహాబమొస్, బహారమొస్: షరతు భాగంలో జ్ఞాపకానికీ ఊహకూ నడుమ ఒక్క హల్లు తేడా, 'బ' బదులు 'ర'. నాకు ఈ తేడా ఎప్పుడు చూసినా అబ్బురంగానే ఉంటుంది.

తెలుగు భారం ఎక్కడ మోస్తుంది

'దిగితే', 'వింటే' వంటి రూపాల్ని మన వ్యాకరణాలు చేదర్థకాలంటాయి. "అతను వింటే బాగుపడతాడు", "అతను వింటే బాగుపడేవాడు" అనే రెండు వాక్యాల్లోనూ 'వింటే' మారలేదు. మొదటిదానిలో తలుపు తెరిచి ఉంది, రెండోదానిలో మూసుకుపోయింది. ఆ సంగతి మనకు వాక్యం చివరి మాట వినేదాకా తెలియదు. స్పానిష్‌లో మొదటి క్రియ వినగానే తెలిసిపోతుంది. "సి ఎస్కూచ" అనగానే ఆశ ఉందని, "సి ఎస్కుచార" అనగానే ఆశ లేదని, ఉన్నా బహు తక్కువని, శ్రోతకు అర్థమవుతుంది. అంటే స్పానిష్ ఆ భారాన్ని షరతు మీద వేస్తుంది, తెలుగు ఫలితం మీద వేస్తుంది.

ఇంత తెలిస్తే తెలుగు విద్యార్థి ఏ తప్పు రాస్తాడో ముందే చెప్పవచ్చు. "సి ఎస్కూచ, ప్రొస్పెరరీయ" అని రాస్తాడు. 'వింటే' మారలేదు కదా అని షరతును మామూలు వర్తమానంలో వదిలేసి, ఫలితాన్ని మాత్రమే మారుస్తాడు. ఇది అజ్ఞానం వల్ల వచ్చే తప్పు కాదు. తన భాషను సరిగ్గా పాటించడం వల్ల వచ్చే తప్పు.

రెండో తప్పు ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే చూడటానికి ఒప్పులా ఉంటుంది. అబ్లార పక్కన 'మాట్లాడి ఉంటే' అని అర్థం రాసుకోవడం. 'మాట్లాడి ఉంటే' అన్నది గడిచిపోయిన ఒక సందర్భానికి చెందినది. దానికి స్పానిష్‌లో "ఉబియేర అబ్లాదొ" అనే జంట రూపం ఉంది. వట్టి అబ్లార అంటే, 'ఇప్పుడు గాని, ముందు గాని మాట్లాడితే (మాట్లాడతాడని నాకు నమ్మకం లేదు)'. కుండలీకరణంలో ఉన్న అవిశ్వాసమే దాని అసలు అర్థం. 'గనక' చేర్చితే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. "వాన గనక పడితే ఊడ్పులు మొదలుపెడతాం" అనే రైతు మాటలో అవిశ్వాసం ఏమీ లేదు.

ఈ రూపానికి ఇతర వాడుకలున్నాయి, త్వరగా చూసి ముందుకు పోదాం. ప్రధాన క్రియ గతంలో ఉండి కోరికను చెప్పినప్పుడు ఇది వస్తుంది: "కెరీయ కె అబ్లార", అతను మాట్లాడాలని కోరుకున్నాను. మనకు 'మాట్లాడాలని' అన్నది కోరుకుంటున్నాను అన్నా, కోరుకున్నాను అన్నా కదలదు. 'కొమొ సి' తర్వాత వస్తుంది: "కొమొ సి బిబియేర అకీ", ఇక్కడే కాపురం ఉంటున్నట్టు. అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వచ్చిన 'ఓహలా' తర్వాత వస్తుంది: "ఓహలా బిబియేర", బతికుంటే ఎంత బాగుండేది! చూశారా, మనం కోరికను చెప్పడానికి కూడా ఒక ఫలితాన్ని, 'బాగుండేది' అనే మాటను, తెచ్చి తగిలించాం. ఫలితం లేకుండా మన ఊహ నిలబడదు.

గతం నుంచి అప్పు తెచ్చుకోవడం

తెలుగు అలవాటు రూపాన్ని ఊహకు వాడుకోవడం భాషలోని లోపమని అనుకోకండి. స్పానిష్ 'ర' రూపం పుట్టుక కూడా ఇటువంటిదే. లాటిన్‌లో 'అమావెరాం' అంటే 'అంతకు ముందే ప్రేమించి ఉన్నాను' అనే మామూలు గతం; ఊహ ఏమీ లేదు. అదే అరిగి 'అమార' అయి, శతాబ్దాల మీద ఊహారూపంగా మారింది. 'సె' రూపం మాత్రం లాటిన్‌లోనూ సబ్జంక్టివే: అమావిస్సెం, అమాసె. లేని దాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు భాషలు గతం గుమ్మంలోకి వెళ్ళి అప్పు అడుగుతాయి. ఇప్పుడు ఇక్కడ లేకపోవడం అనేది రెండింటికీ సమానం కదా.

మన పొరుగున బెంగాలీ చేసినది సరిగ్గా తెలుగు చేసినదే. "జొది శే కొథా శున్‌తో, తాహొలే భాలో హొతో": అతను మాట వింటే బాగుండేది. 'శున్‌తో' అంటే 'వినేవాడు', 'హొతో' అంటే 'అయ్యేది'. రెండూ అలవాటు చెప్పే గతరూపాలే. తెనాలి ఐతానగరంలో 1908లో పుట్టిన చక్రపాణి, క్షయవ్యాధి చికిత్సకు మదనపల్లె వెళ్ళినప్పుడు బెంగాలీ నేర్చుకుని, తర్వాత శరత్ చంద్రుడి నవలల్ని తెలుగులోకి తెచ్చాడు. శరత్ కథల్లో విచారానికి కొదవ లేదు. ఆ విచారం తెలుగులో అంత సహజంగా పలకడానికి చక్రపాణి ప్రతిభ ఒక కారణం. రెండు భాషలూ విచారాన్ని, జ్ఞాపకాన్ని ఒకే క్రియలో దాచుకోవడం మరొక కారణమని నా అభిప్రాయం. 'శున్‌తో'ను 'వినేవాడు' చేస్తే సందిగ్ధత కూడా చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. స్పానిష్ నుంచి తెచ్చేవాడికి ఆ సౌకర్యం లేదు.

తెనాలిలోనే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1924లో పుదుక్కోట్టైలో పుట్టిన నటరాజన్, బాల్యంలో తెనాలి చేరి, హోటల్లో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, 'శారద' పేరుతో 'మంచీ చెడూ', 'అపస్వరాలు' వంటి నవలలు రాశాడు. 1955లో, ముప్పై దాటీ దాటకుండానే పోయాడు. అతని మాతృభాష తమిళంలో ఇటువంటి చోట "వందిరుందాల్, పోయిరుప్పేన్" అంటారు. 'ఇరుప్పేన్' భవిష్యత్ రూపం. తమిళంలో ముందుకు చూసే క్రియను వదిలి, తెలుగులో వెనక్కు చూసే 'ఏవాణ్ణి' అలవాటు చేసుకున్నాడన్నమాట. పగలంతా పనిచేసి రాత్రి ఈ పాఠం చదువుతున్న మీకు ఆ శ్రమ ఎటువంటిదో నేను చెప్పనక్కర లేదు.

ఎంపిక ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది

1977 నవంబరు 19న కృష్ణా డెల్టా తీరాన్ని తాకిన తుఫాను, ఉప్పెన దివిసీమలోనూ చుట్టుపక్కల తీరంలోనూ వేలాది మందిని బలిగొన్నాయి. రేపల్లె, బాపట్ల వైపు పెద్దవాళ్ళకు ఆ తేదీని ఎవరూ గుర్తు చేయనక్కర లేదు. అటువంటి ఊళ్ళో ఒక వృద్ధురాలు ఇలా అన్నదనుకుందాం: "మేడ ఎక్కితే బతికేవాళ్ళు." దీన్ని మరో భాషలోకి ఎలా మార్చాలి? ఎక్కినవాళ్ళు ఎక్కినట్టల్లా బతికారు, అది సాక్ష్యం అనా? మావాళ్ళు ఎక్కలేదు, ఎక్కి ఉంటే ఉండేవాళ్ళు, అది శోకం అనా? మొదటిది "సి సుబీయన్", రెండోది "సి ఉబియేరన్ సుబీదొ". సుబీర్ అంటే ఎక్కడం. సాక్ష్యాన్ని శోకంగా రాస్తే సమాచారం పోతుంది. శోకాన్ని సాక్ష్యంగా రాస్తే ఆమెకు అన్యాయం జరుగుతుంది. వినేవాడు ఆగి, "మీవాళ్ళు ఎక్కారా అమ్మా?" అని అడగాలి. ఆ ప్రశ్న అడగమని స్పానిష్ వ్యాకరణం బలవంతపెడుతుంది. తెలుగు అడగకుండా తల ఊపి ఊరుకోనిస్తుంది.

ఆ తుఫాను తర్వాత తీరగ్రామాల్లో తుఫాను రక్షిత భవనాలు కట్టారు. 'గట్టి కట్టడం ఉంటే బతికేవాళ్ళు' అన్న వాక్యం 'ఉంటే బతుకుతారు'గా మారడమంటే ఇదే. షరతు మాట మారలేదు, ఫలితం మారింది.

ఒక నవల మీద తీర్పు

ఇక విమర్శకు వద్దాం. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని ఉన్న త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడు గోపీచంద్ (1910-1962). ఆయన 'అసమర్థుని జీవయాత్ర'ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా చెబుతారు. కథానాయకుడు సీతారామారావు ఆస్తిపరుల ఇంట పుట్టాడు. వంశప్రతిష్ఠ అనే భావం నెత్తిన పెట్టుకుని ఉన్నదంతా కరిగించాడు. చివరకు తనతో తనకే పడక, ఘోరంగా చచ్చిపోయాడు.

ఈ నవల చదివినవాళ్ళు ఏదో ఒక దశలో ఈ మాట అనక మానరు: "ఒళ్ళు వంచి పనిచేస్తే బతికి బట్టకట్టేవాడు." పరీక్ష సమాధానాల్లోనూ ఇది కనిపిస్తుంది. మాటలో తప్పు లేదు. కాని ఏ అర్థంలో అన్నారు? స్పానిష్‌లో పెట్టి చూడండి. త్రబహార్ అంటే పనిచేయడం. "సి ఉబియేర త్రబహాదొ, అబ్రీయ బిబీదొ" అంటే, ఫలానా సమయంలో పనిచేసి ఉంటే బతికి ఉండేవాడు. ఇది ఒక సంఘటన గురించిన మాట. ఒక అవకాశం వచ్చింది, చేజారింది. "సి త్రబహార, బిబిరీయ" అంటే, అతను పనిచేసే మనిషే అయితే బతుకుతాడు, కాని ఆ మనిషి అతను కాడు. ఇది స్వభావం గురించిన మాట. ఏ పేజీలో నిలబడి అన్నా చెల్లుతుంది.

మొదటి అర్థం తీసుకున్న విమర్శకుడు నవలను ఆస్తి పోయిన కథగా చదువుతాడు. ఎక్కడ తప్పటడుగు పడిందో వెతుకుతాడు. ఆ దానం చేయకుండా ఉంటే, ఆ అప్పు ఇవ్వకుండా ఉంటే అని లెక్క వేస్తాడు. రెండో అర్థం తీసుకున్నవాడు మనసు కథగా చదువుతాడు. నా తీర్పు రెండోదాని వైపే. పేరులోనే గోపీచంద్ 'అసమర్థుడు' అన్నాడు, 'నష్టపోయినవాడు' అనలేదు. సీతారామారావు ఆస్తిని తిరిగి ఇచ్చి, కథను మళ్ళీ మొదటినుంచి నడిపినా అతను మళ్ళీ అక్కడికే చేరుతాడని నవల మనల్ని నమ్మిస్తుంది. అటువంటి మనిషికి వట్టి 'త్రబహార' సరిపోతుంది, 'ఉబియేర' అనవసరం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయలేను. ఉన్నవాడు లేనివాడు కావడం ఆ కాలపు డెల్టా గ్రామాల్లో నిజంగా జరిగిన సంగతి. స్వభావమంటూ తేల్చేస్తే ఆ చరిత్రను తుడిచేసినట్టు కాదా? నిజమే. వంశప్రతిష్ఠ అనే భావం సీతారామారావు సొంతంగా కనిపెట్టింది కాదు, అతనికి అప్పగించినది. కనుక స్వభావం ఆకాశం నుంచి ఊడిపడలేదనే ఒక సవరణతో నా తీర్పును చదవండి. సంఘటన వైపు చదవదలచినవాళ్ళు చదవవచ్చు. కాని అప్పుడు 'పనిచేస్తే' అని రాయవద్దు. 'పనిచేసి ఉంటే' అని రాసి, ఏ అధ్యాయంలో, ఏ పని అన్నది చూపించండి.

చివరగా ఒక చిన్న మాట. 'బట్టకట్టేవాడు' అన్నదానికి మూడో అర్థం కూడా ఉంది: బట్ట కట్టే మనిషి. పాఠం చెప్పేవాడు, బండి తోలేవాడు అన్నట్టు. తెనాలి వైపు నోట 'చెప్పేవోడు', తెలంగాణలో 'చెప్పేటోడు' అన్నా ఈ ముడి విడిపోదు. అలవాటు పడ్డవాడు, ఆ పని చేసేవాడు, ఆ పని చేసి ఉండగలిగినవాడు: ముగ్గురూ ఒకే మాటలో కాపురం ఉంటారు. మీ దగ్గరున్న ఏదైనా తెలుగు నవలలో పది పేజీలు తీసుకుని, 'ఏవాడు', 'ఏది', 'ఏవాళ్ళు' కనిపించిన ప్రతి చోటా పక్కన బ, ర అనే రెండు అక్షరాల్లో ఒకటి పెన్సిల్‌తో రాయండి. అలవాటుకు బ, ఊహకు ర. ఏ అక్షరం రాయాలో తేలని వాక్యాల్ని విడిగా ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని, తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.